ఏసీ ఎంతలో పెట్టుకోవాలి?

మే నెల మధ్యాహ్నం మూడు గంటలకు బయటినుంచి ఇంటికి వచ్చారు. చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది. చెప్పులు విప్పీ విప్పకముందే ఏసీ రిమోటు చేతిలోకి తీసుకుని అంకె తగ్గించుకుంటూ పోయారు. 24, 22, 20, 18... చివరికి 16 దగ్గర ఆగారు, అంతకంటె కిందికి అది దిగదు కనుక! గంట గడిచేసరికి దుప్పటి కోసం వెతుక్కున్నారు. నిజం చెప్పండి, మీ ఇంట్లో ఇలా జరగడం లేదూ?

అదే వీధిలో మరో ఇల్లు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. ఇంట్లో డెబ్భై ఏళ్ళు దాటిన పెద్దావిడ ఒక్కతే ఉంది. గదిలో ఏసీ ఉన్నా ఆవిడ దాన్ని ముట్టుకోదు. "నా ఒక్కదానికీ ఇంత కరెంటు దేనికర్రా, బిల్లు మీరేగా కట్టుకోవాలి" అంటుంది. ఫ్యాను వేడిగాలిని విసురుతూ ఉంటే దాని కిందే సాయంత్రం దాకా పడుకుంటుంది.

ఒకరిది దుబారా, మరొకరిది పొదుపు అని మనకు అనిపించవచ్చు. ఆరోగ్యరీత్యా చూస్తే రెండూ పొరపాట్లే. అందులో రెండవది ప్రాణం మీదకు తెచ్చే పొరపాటు. ఏసీని ఎంతలో పెట్టుకోవాలో తెలిస్తే ఈ రెండు ఇళ్ళ సమస్యా తీరుతుంది.

అంకె తగ్గిస్తే త్వరగా చల్లబడుతుందా?

చాలామందికి ఉన్న అపోహ ఇది. రిమోటు మీద కనిపించే అంకె చల్లదనాన్ని తోసే వేగం కాదు, ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తు మాత్రమే. మీ ఇస్త్రీపెట్టెను గమనించండి. కావలసినంత వేడెక్కగానే దాని దీపం ఆరిపోతుంది, చల్లారితే మళ్ళీ వెలుగుతుంది. స్నానాలగదిలో గీజరూ అంతే. ఆ పని చేసే భాగాన్నే థర్మోస్టాట్ అంటారు. ఏసీలో అదే పని తలకిందులుగా జరుగుతుంది. గది మీరు చెప్పిన అంకెకు చల్లబడగానే కంప్రెసర్ ఆగుతుంది. ఇన్వర్టర్ ఏసీ అయితే పూర్తిగా ఆగకుండా వేగం తగ్గించుకుంటుంది.

గది 36 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. మీరు 24లో పెట్టినా, 16లో పెట్టినా 24కు వచ్చేవరకు ఏసీ పడే శ్రమ ఇంచుమించు ఒకటే, పట్టే సమయమూ ఇంచుమించు ఒకటే. తేడా ఆ తరువాతే. 24లో పెట్టిన ఏసీ అక్కడికి చేరగానే విశ్రాంతి తీసుకుంటుంది. 16లో పెట్టినది పరుగు ఆపదు. మన వేసవి మధ్యాహ్నాల్లో మామూలు గది 16 డిగ్రీలకు దిగడమే కష్టం. కాబట్టి కంప్రెసర్‌కు ఆగే అవకాశమే రాదు. గోడ మీద మీటరు తిరుగుతూనే ఉంటుంది.

శరీరానికి ఏది హాయి?

మన శరీరం లోపల ఎప్పుడూ సుమారు 37 డిగ్రీల వేడి ఉంటుంది. తిన్న ఆహారం ఖర్చయ్యేకొద్దీ వేడి పుడుతూనే ఉంటుంది. ఆ వేడి చర్మం ద్వారా, చెమట ఆరడం ద్వారా బయటికి పోతేనే మనకు సుఖం. చుట్టూ గాలి కొంచెం చల్లగా ఉండి, కదులుతూ ఉంటే ఈ పని సులువుగా జరుగుతుంది. గాలి మరీ చల్లగా ఉంటే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుపోతాయి, చేతులూ కాళ్ళూ చల్లబడతాయి, కండరాలు బిగుసుకుంటాయి. ఉదయం లేవగానే మెడ పట్టేసినట్టు ఉండడానికి, ముక్కు దిబ్బడ వేయడానికి, గొంతు ఎండిపోవడానికి రాత్రంతా మీద పడిన ఈ చలిగాలి ఒక కారణం కావచ్చు.

మరి ఎంత ఉండాలి? మామూలు ఆరోగ్యం ఉన్నవారికి 24 నుంచి 27 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. మన దేశంలో 2020 జనవరి 1 నుంచి గదులకు అమర్చే కొత్త ఏసీలన్నీ వేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలు కావాలని నిబంధన పెట్టారు. ఆ తరువాత పెంచుకోవడం, తగ్గించుకోవడం మన ఇష్టం. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఇంకో మెట్టు పైకి వెళ్ళి, ఏసీని 27లో పెట్టి తోడుగా ఫ్యాను వేసుకోమంటున్నది. అలా చేస్తే గది మరో 4 డిగ్రీలు చల్లగా ఉన్నట్టు తోస్తుందని చెబుతున్నది.

"ఏసీ వేశాక ఫ్యాను ఎందుకండీ, రెండు ఖర్చులు కదా?" అని మీరు అడగవచ్చు. లెక్క చూడండి. మామూలు సీలింగ్ ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే సుమారు అరయూనిట్‌కు కాస్త పైన కాలుతుంది. టన్నున్నర ఏసీ కంప్రెసర్ పూర్తి బలంతో నడిస్తే గంటకు దాదాపు ఒకటిన్నర యూనిట్లు కాలుస్తుంది. ఎనిమిది గంటలు ఆగకుండా నడిస్తే 12 యూనిట్లు. అందులో సగం కాలం విశ్రాంతి తీసుకుంటే 6 యూనిట్లే. అంటే నెలకు 180 యూనిట్ల తేడా! పైగా యూనిట్లు పెరిగేకొద్దీ స్లాబు మారి యూనిట్ ధర కూడా పెరుగుతుందని మీకు తెలుసు. ఏసీ అంకెను ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్రప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క.

రాత్రి నిద్రకు

నిద్రలో మన శరీరం తనంతట తానే కొంచెం చల్లబడుతుంది. తెల్లవారుజామున నాలుగైదు గంటలకు అది బాగా తక్కువగా ఉంటుంది. బయట వాతావరణం చల్లబడేదీ అప్పుడే. పడుకునేటప్పుడు హాయిగా ఉన్న అంకె ఆ వేళకు వణికించడంలో ఆశ్చర్యం లేదు. ఇంటిల్లిపాదీ నిద్రలో ఉంటారు కాబట్టి లేచి రిమోటు వెతికే ఓపిక ఎవరికీ ఉండదు. ముడుచుకుని పడుకుంటారు.

దీనికోసమే రిమోటులో స్లీప్ అనే బటన్ ఉన్నది. చాలా ఏసీల్లో దాన్ని నొక్కితే పడుకున్న తరువాత గంటకో డిగ్రీ చొప్పున ఒకటి రెండు డిగ్రీలు మెల్లగా పెరుగుతుంది. రాత్రి పదింటికి 25లో పెట్టి స్లీప్ నొక్కండి. బయట బాగా చల్లబడే రోజుల్లో టైమరు కూడా పెట్టుకుని, నాలుగింటికి ఏసీ దానంతట అదే ఆగేటట్టు చూసుకోండి. ఫ్యాను మాత్రం తిరగనివ్వండి. మొదటి రెండు రోజులు కొత్తగా ఉంటుంది, మూడవ రోజుకు అలవాటవుతుంది.

ఇంకొక సంగతి. స్ప్లిట్ ఏసీలో ఉష్ణోగ్రతను కనిపెట్టే భాగం సాధారణంగా పైన గోడకున్న పెట్టెలోనే ఉంటుంది. మీరు పడుకునేది కింద. అక్కడి వేడీ ఇక్కడి వేడీ ఒకటి కాకపోవచ్చు. చిన్న గోడ థర్మామీటరు కొని మంచం పక్కన తగిలించండి. దానిని చూసి అంకె సరిచేసుకోండి.

పసిపిల్లలున్న ఇంట్లో

పుట్టిన కొద్దిరోజుల పసికందు పెద్దల్లా వణికి వేడి పుట్టించుకోలేదు. అందువల్ల ఆ గది 25 కంటె తగ్గకూడదు, 28 వరకు ఉండవచ్చు. ఏసీ గాలి, ఫ్యాను గాలి నేరుగా బిడ్డ ముఖం మీద పడకుండా మంచాన్ని పక్కకు జరపండి. అలాగని దుప్పట్లతో చుట్టి ఉక్కపోయించడమూ ప్రమాదమే. మీరు వేసుకున్న బట్టకంటె ఒక్క పొర ఎక్కువ చాలు. బిడ్డ మెడ వెనుక చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే సరే, చెమట పట్టి ఉంటే ఒక పొర తీసేయండి.

ఉబ్బసం ఉన్నవారికి చల్లని పొడిగాలి తగిలితే ఆయాసం రేగవచ్చు. వారు 26కు తక్కువ పెట్టుకోకపోవడం మంచిది. దుమ్ము పట్టిన జాలీ మరింత చెరుపు. వేసవిలో రెండు వారాలకొకసారి ఏసీ జాలీలను తీసి నీళ్ళతో కడిగి, ఆరబెట్టి పెట్టండి. శుభ్రమైన జాలీ వల్ల కరెంటు కూడా కలిసివస్తుంది. మామూలు స్ప్లిట్ ఏసీ కొత్త గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పుతుంది. కాబట్టి ఉదయం పూట కాసేపు కిటికీలు తెరవడం మరవకండి.

పెద్దవారి దగ్గర పొదుపు వద్దు

ఇప్పుడు ఆ పెద్దావిడ దగ్గరికి వద్దాం. వయసు మళ్ళినకొద్దీ చెమట తగ్గుతుంది, దాహం తెలియడమూ తగ్గుతుంది. రక్తపోటుకు, గుండెకు వాడే కొన్ని మందులు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు, ఎండవేడిని తట్టుకునే శక్తిని ఇంకా తగ్గిస్తాయి. (అలాగని మందు మానేయకండి. వేసవి రాకముందే మీ డాక్టరును అడగండి.) వేడి ఎక్కువైందని ఆవిడకు తెలిసేసరికే ఆలస్యం కావచ్చు. 2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయిన సంగతి మనం మరచిపోకూడదు. వడదెబ్బ ఎండలో తిరిగేవారికే తగులుతుందనుకోవడం పొరపాటు. ఇంట్లో కూర్చున్న వృద్ధులకూ తగులుతుంది.

ఫ్యాను ఉంది కదా అంటారేమో. గది వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను చల్లబరచదు. వేడిగాలిని ఒంటిమీదికి తోస్తుంది. అప్పుడు ఏసీ విలాసం కాదు, మందు. ఉదయం ఆఫీసుకు బయలుదేరే ముందే ఆవిడ గదిలో ఏసీని 27లో పెట్టి, పదకొండింటికి దానంతట అదే మొదలై నాలుగింటికి ఆగేటట్టు టైమరు పెట్టండి. మీ ఏసీలో రెండు వేళలూ ఒకేసారి పెట్టే వీలు లేకపోతే మధ్యాహ్నం ఫోను చేసి గుర్తు చేయండి. "అమ్మా, మా గదిలో రాత్రి 18 నుంచి 25కు మార్చాం. నీ ఏసీ ఖర్చు అందులోనే కలిసివస్తుంది" అని చెప్పండి. బిల్లు బెంగ తీరితేనే ఆవిడ దాన్ని ఆపకుండా ఉంటుంది.

ఏసీ లేని ఇళ్ళలో తడిగుడ్డతో తరచు ఒళ్ళు తుడవడం, ఎండ పడే కిటికీలకు తెరలు వేయడం, మజ్జిగ, మంచినీళ్ళు అడగకుండానే అందివ్వడం చేయాలి. తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల పొడి ఎండలకు నీళ్ళ కూలరు బాగా పనిచేస్తుంది, అయితే కిటికీ తెరిచి ఉంచాలి. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో గాలిలో తేమ ఎక్కువ కనుక కూలరు ఉక్కను పెంచుతుంది. అక్కడ ఏసీ ఉన్నవారు వానాకాలపు ఉక్క రోజుల్లో రిమోటు మీద నీటిబొట్టు గుర్తుండే డ్రై పద్ధతిని వాడి చూడవచ్చు. అది తేమను లాగేస్తుంది. మండే ఎండలకు మాత్రం అది చాలదు.

ఒళ్ళు కాలిపోతూ ఉండి, మాట తడబడుతున్నా, మనిషి అయోమయంగా ఉన్నా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే చల్లని చోటికి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటిమీద నీళ్ళు చల్లుతూ విసరండి. 108కి ఫోను చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి.

పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళేవారికి

అక్కడి ఇళ్ళలో గదికొక రిమోటు ఉండదు. చాలా ఇళ్ళలో ఇల్లంతటికీ గోడ మీద ఒకే థర్మోస్టాట్ ఉంటుంది. అంకెలు ఫారెన్‌హీట్‌లో ఉంటాయి. 68 అంటే మన 20 డిగ్రీలు, 78 అంటే దాదాపు 26. చలికాలంలో మెలకువగా ఉన్నప్పుడు 68 దగ్గర పెట్టుకుని, నిద్రలోనూ ఇంట్లో ఎవరూ లేనప్పుడూ తగ్గించుకోమని అక్కడి ఇంధనశాఖ సలహా. రోజుకు ఎనిమిది గంటలు 7 నుంచి 10 డిగ్రీలు తగ్గిస్తే ఏడాదికి 10 శాతం వరకు ఆదా అంటారు. మీ అబ్బాయి ఈ వేళలన్నీ అందులో ముందే రాసిపెట్టి ఉంటాడు. పగలు ఇంట్లో ఎవరూ ఉండరన్న లెక్కతో అది వేడిని తగ్గించేస్తుంది. మీరేమో ఇంట్లోనే ఉంటారు! మొహమాటపడి శాలువా కప్పుకుని కూర్చోకండి. ఇంట్లో వేడి 18 సెంటీగ్రేడు, అంటే 64 ఫారెన్‌హీట్ కంటె తగ్గరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. వృద్ధులకు అంతకంటె కాస్త ఎక్కువే కావాలి. మీరున్నన్నాళ్ళూ పగటి వేళలను మార్చిపెట్టమని అబ్బాయినే అడగండి. మీకై మీరు పెంచవలసి వస్తే అంకె మార్చి, హోల్డ్ అనే బటన్ నొక్కాలి. లేకపోతే కాసేపటికి అది మళ్ళీ పాత లెక్కకే పోతుంది.

ఈ రాత్రికి మీరు చేయవలసినది చిన్న పని. ఏసీని 25లో పెట్టండి, ఫ్యాను సన్నగా తిప్పండి, స్లీప్ నొక్కండి. పది రోజులు అలా పడుకుని చూడండి. రేపు ఉదయం ఆఫీసుకు వెళ్ళేముందు మాత్రం పక్కగదిలోకి వెళ్ళి, అమ్మగారి చేతిలో రిమోటు పెట్టి, ఏ బటన్ నొక్కాలో మీరే దగ్గరుండి చూపించండి.