ముందే తెలిసిన కథ

పట్టిసీమ రేవున పడవ యెక్కి గోదావరి నడుమనున్న దేవకూటగిరికి బోవుచుండగా, మా మేనకోడలు "కొండమీద స్వామి యెవరత్తా?" అని యడిగినది. వీరభద్రుడని చెప్పితిమి. దక్షుని శిరస్సు ఖండించిన పట్టిసమను నాయుధమును స్వామి యీ నదిలో గడిగెననియు, అందుచేతనే యీ తావున కా పేరు వచ్చెననియు స్థలపురాణము. "తల యెందుకు నరికినాడు?" అని వెంటనే రెండవ ప్రశ్న. కొస ముందు చెప్పితిమి గనుక మొదటికి బోక తప్పినది కాదు.

నడచుచున్న కాలమును విడిచి, ఎన్నడో జరుగబోవుదానిని ముందుగా దెలుపుట కథకుల కొక పద్ధతి. సినిమావారు దీనిని ఫ్లాష్‌ఫార్వర్డ్ అందురు. ఫ్రెంచి విమర్శకుడు జెరార్ జెనెట్ 1972 లో బ్రకటించిన గ్రంథమున బ్రొలెప్సిస్ అను గ్రీకు పదమును దీనికి వాడెను. పేర్లకేమి గాని, పని మన పురాణములలో నేనాడో కలదు.

భాగవత చతుర్థస్కంధమును జూడుడు. ప్రజాపతుల సత్రయాగమునకు దక్షుడు వచ్చినప్పుడు శివుడు లేవలేదు. దక్షుడు కోపించి శివునికి హవిర్భాగము లేకుండ శపించెను. నందీశ్వరుడు దక్షునికి మేకతల రావలెనని ప్రతిశాప మిచ్చెను. అప్పటికి దక్షయజ్ఞము ప్రారంభమే కాలేదు. చాలకాలము గడచినది. ఒకనాడు దేవకాంతలు నగలు పెట్టుకొని భర్తలతో గూడి తన పుట్టింటికి బోవుచుండుట సతి చూచినది. పిలుపు లేకున్నను పుట్టిల్లు గదా, పోవలెనని యామె మనసు. పోయినచో మేలు గాదని శివుడు హెచ్చరించెను. ఆమె బయటికి వచ్చును, మరల లోనికి బోవును. ఈ ఘట్టము చదివినప్పుడెల్ల మాకు గొంతు పట్టును. శాపము సంగతి మనకు దెలియకున్న నిది యాలుమగల చిన్న తగవు. తెలిసినందున నా గడప దాటుట చూడలేము. తీరా పోయిన పిదప, తల్లియు దోబుట్టువులును దక్క నామెను బలుకరించినవారు లేరు.

ఇందొక నేర్పు గలదు. శాపము దక్షుని తల సంగతి చెప్పినదే కాని సతి ప్రాణము సంగతి చెప్పలేదు. గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ 1967 నాటి తన నవలను, తుపాకుల యెదుట నిలువబోవు నొక సేనాని ప్రస్తావనతో నారంభించెను. ఆతడక్కడ చచ్చునని చదువరి నమ్మును, చావడు. ఒకటి చూపి వేరొకటి దాచుట యన్నిచోట్ల నొక్కటే. కొట్లాట ముందు చూపి "ఆరునెలలకు పూర్వము" అని యక్షరములు వేయు సినిమాలలో నీ దాపరికము తరచుగా నుండదు; అది వట్టి యెర.

సుందరకాండలో త్రిజట కల మరియొక తీరు. ప్రాణము విడువదలచిన సీత చెంత నా రాక్షసస్త్రీ రాముని జయమును, గాడిదల రథముపై రావణుడు దక్షిణదిక్కునకు బోవుటను గలగాంచెను. యుద్ధ మింకను దూరమున నున్నది. ఇచ్చట ముందుచూపు భయమునకు గాదు, ఓర్చుకొనుటకు. పిరికి పిల్లలకు గథ చెప్పు తల్లులు "చివరకు బ్రదికినాడులే" యని నడుమ ననుట యిట్టిదే.

పడవ కొండ చేరునప్పటికి మా కథ సతి గడప దాటువరకు వచ్చినది. "శివుడు వద్దన్నాడు గదా, మరి యెందుకు వెళ్లిందత్తా?"

"వాళ్లమ్మను చూడాలని" అంటిమి. పిల్ల కొంతసేపు మాటాడక మెట్లెక్కినది.