‘సైకో’ మాట మిగిలింది... మర్మం మరుగైంది!

జిల్లా పేజీల్లో నేరవార్తల శీర్షికలకు ‘సైకో’ అన్న మాట నిత్యావసరంగా మారింది. ‘సైకో వీరంగం’, ‘సైకో దాడి’ వంటి శీర్షికలు చదవని పాఠకుడు బహుశా ఉండడు. ఆంగ్లంలో అంతకుముందే వాడుకలో ఉన్న ఈ రెండక్షరాల మాటకు లోకమంతటా ప్రచారం కల్పించడంలో 1960లో విడుదలైన ఒక హాలీవుడ్ చిత్రం పాత్ర ఎంతో ఉంది. ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ దర్శకత్వం వహించిన ‘సైకో’ ఉత్కంఠభరిత చిత్రాలు తీసేవారికి నేటికీ పాఠ్యగ్రంథం వంటిది. అయితే ఆ చిత్రం పేరును మాత్రమే తీసుకుని, అది చెప్పిన అసలు విషయాన్ని మనం వదిలివేశామా అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

తొమ్మిది వేల డాలర్ల నవల

అమెరికా రచయిత రాబర్ట్ బ్లాక్ 1959లో ఇదే పేరుతో ఒక నవల వెలువరించారు. హిచ్‌కాక్ తన పేరు బయటపడకుండా ఏజెంటు ద్వారా 9 వేల డాలర్లకు దాని హక్కులు కొనిపించారు. ఆయన చిత్రాలను విడుదల చేస్తున్న పారామౌంట్ సంస్థకు ఈ కథ రుచించలేదు. దీంతో తన పారితోషికాన్ని వదులుకుని, అందుకు బదులుగా చిత్రంలో 60 శాతం వాటా తీసుకుని, సొంత సంస్థ ద్వారానే నిర్మాణానికి పూనుకున్నారు.

అంతకుముందు ఆయన తీసిన ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’కు 40 లక్షల డాలర్లకు పైగా ఖర్చయింది. ‘సైకో’ను మాత్రం 8 లక్షల పైచిలుకు డాలర్లతోనే ముగించారు. ఇందుకోసం తన టెలివిజన్ ధారావాహికకు పనిచేసే సిబ్బందినే ఎక్కువగా వినియోగించారు. రంగుల చిత్రాలు వెల్లువెత్తుతున్న రోజుల్లో దీనిని నలుపు తెలుపుల్లో తీశారు. ఖర్చు కలిసి రావడంతో పాటు, రంగుల్లో నెత్తురు మరీ జుగుప్స కలిగిస్తుందన్న ఆలోచన కూడా ఇందుకు కారణం.

సగం కథలోనే కథానాయిక మరణం

భూముల క్రయవిక్రయాల కార్యాలయంలో పనిచేసే మేరియన్ అనే యువతి 40 వేల డాలర్లతో పరారవుతుంది. దారిలో జోరువాన కురియడంతో ఒక చిన్న లాడ్జిలో ఆగుతుంది. దానిని నడిపే నార్మన్ అనే యువకుడు తన తల్లితో కలిసి వెనుక గుట్టమీది ఇంట్లో ఉంటాడు. ఆ రాత్రి స్నానాల గదిలో మేరియన్ దారుణ హత్యకు గురవుతుంది. గంటా నలభై తొమ్మిది నిమిషాల చిత్రంలో సగం కూడా గడవకముందే, పేరున్న తార జానెట్ లీ పోషించిన కథానాయిక పాత్ర ముగిసిపోవడం నాటి ప్రేక్షకులను దిగ్భ్రాంతికి గురిచేసింది. ఆమె దొంగిలించిన సొమ్ము ఏమవుతుందోనని అప్పటివరకు ఆతృతపడిన ప్రేక్షకుడు, ఇక ఎవరిని పట్టుకుని కథ వెంట నడవాలో తెలియని స్థితిలో పడతాడు.

ముప్పావు నిమిషానికి వారం రోజులు

తెరమీద ముప్పావు నిమిషం సాగే ఆ హత్యా సన్నివేశాన్ని 1959 డిసెంబరులో ఏడు రోజులపాటు చిత్రీకరించారు. కెమెరాను 78 విధాలుగా అమర్చి తీసిన దృశ్యాలను కత్తిరించి, 52 కోతలతో అతికించారని చెబుతారు. ఈ అంకెలనే పేరుగా పెట్టుకుని 2017లో ఒక డాక్యుమెంటరీ చిత్రం కూడా వచ్చింది. నెత్తురుకు బదులు చాక్లెట్ సిరప్ వాడారు. కత్తి దిగే చప్పుడు కోసం కర్బూజా జాతి పండును పొడిచి శబ్దాన్ని రికార్డు చేశారు. కత్తి శరీరంలో దిగడం దాదాపు ఎక్కడా కనిపించకపోయినా, మొత్తం కళ్లారా చూశామనే ప్రేక్షకులు భావించారు. చూపని భాగాన్ని వారి మనసే పూరించింది.

ఈ సన్నివేశానికి సంగీతం అక్కరలేదని హిచ్‌కాక్ మొదట తలచారు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ తన స్వరరచన వినిపించాక మనసు మార్చుకున్నారు. చిత్రం మొత్తానికి కేవలం తంత్రీవాద్యాలనే ఉపయోగించడం హెర్మన్ ప్రత్యేకత. కీచుమనే ఆ వయొలిన్ల ధ్వనికి ఎన్నో దేశాల్లో ఎన్నో అనుకరణలు వచ్చాయి.

ఉలికిపాటు వేరు.. ఉత్కంఠ వేరు

ఉలికిపాటుకు, ఉత్కంఠకు ఉన్న తేడాను హిచ్‌కాక్ ఒక ఉదాహరణతో వివరించేవారు. బల్ల కింద ఉన్న బాంబు ఉన్నట్టుండి పేలితే ప్రేక్షకుడు ఉలిక్కిపడేది కొన్ని క్షణాలే. బాంబు ఉన్న సంగతి ప్రేక్షకుడికి ముందే తెలిసి, బల్ల దగ్గర కూర్చున్నవారికి తెలియకపోతే ఆ కొద్ది నిమిషాలూ ఊపిరి బిగబట్టవలసిందే. ‘సైకో’లో రెండూ ఉన్నాయి. స్నానాల గదిలోది ఉలికిపాటు. ఆ తర్వాత ఒక డిటెక్టివ్ అదే గుట్టమీది ఇంటి మెట్లెక్కుతుంటే కలిగేది ఉత్కంఠ.

ఆలస్యమైతే అనుమతి లేదు

సినిమా నడుస్తుండగా ఎప్పుడైనా లోపలికి వెళ్లి కూర్చోవడం నాటి అమెరికా ప్రేక్షకులకు అలవాటు. పేర్లు పడ్డాక వెళ్తే చాలనుకోవడం మనకూ కొత్తేమీ కాదు. ‘సైకో’కు మాత్రం ఆట మొదలయ్యాక ఎవరినీ లోనికి పంపరాదని హిచ్‌కాక్ థియేటర్లకు షరతు విధించారు. ముగింపును ఇతరులకు చెప్పవద్దని ప్రేక్షకులనూ కోరారు. కొందరు విమర్శకులు పెదవి విరిచినా జనం బారులు తీరారు. నాలుగు ఆస్కార్ నామినేషన్లు లభించినా ఒక్క బహుమతీ దక్కలేదు. 1992లో అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో దీనికి స్థానం లభించింది. 1998లో గస్ వాన్ శాంట్ దాదాపు ప్రతి దృశ్యాన్నీ అనుసరిస్తూ రంగుల్లో మళ్లీ తీసినప్పటికీ ఆదరణ దక్కకపోవడం గమనార్హం.

మనకు మిగిలిన మాట

హంతకుడెవరో ఇక్కడ చెప్పి, చిత్రం చూడనివారి ఆసక్తిని చంపడం భావ్యం కాదు. ఒక్క మాట మాత్రం చెప్పవచ్చు. ఆ మనిషి, చూడగానే పక్కకు తప్పుకోవాలనిపించే మనిషి కాదు. రూపాన్ని చూసి ఎవరినీ నిర్ణయించలేమన్నదే ఈ కథ పుట్టించే భయానికి మూలం. మన వాడుకలో అది తలకిందులైంది. చిరిగిన బట్టలతో, తనలో తాను మాట్లాడుకుంటూ వీధిలో తిరిగే అభాగ్యుడికే ఆ పేరు తగిలిస్తున్నాం.

2015 ఆగస్టులో పశ్చిమ గోదావరి జిల్లాలో మోటారు సైకిల్‌పై వచ్చి మహిళలకు సూది గుచ్చి పారిపోతున్న ఆగంతుకుడికి ‘సూది సైకో’ అన్న పేరు స్థిరపడింది. అతడెవరో తెలియకముందే, ఏ వైద్యుడూ పరీక్షించకముందే జబ్బు నిర్ణయమైపోయింది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతులు వ్యాపించినప్పుడు తెలుగు రాష్ట్రాల్లో ఊరికి కొత్తవారిని, యాచకులను జనం చితకబాదారు. ప్రాణాలు కోల్పోయిన వారూ ఉన్నారు. ఒక మాట, ఒక అనుమానం ఎంతదూరం వెళ్లగలవో చెప్పడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

అదే 2018 మే నెలాఖరున అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మతిస్థిమితం లేక తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న వ్యక్తికి రక్షణ కల్పించడం స్థానిక పోలీసుల బాధ్యత. లాకప్‌లో ఉంచకుండా, 24 గంటలు మించకుండా సమీపంలోని ప్రభుత్వ ఆరోగ్య సంస్థకు చేర్చాలి. మానసిక సమస్యలపై సలహా కోసం 14416 నంబరుతో ‘టెలీ మానస్’ సేవలు 2022లో ప్రారంభమయ్యాయి.

శీర్షికలో చోటు తక్కువ కాబట్టి రెండక్షరాల మాట విలేకరులకు సులువు. ఈ వ్యాసకర్త కూడా ఆ మాట రాసినవాడే. అయితే మనిషికి జబ్బు పేరు తగిలించే బదులు అతడు చేసిన పనిని రాస్తే సరిపోతుంది. ‘సూదితో దాడి’ అన్నా శీర్షికలో పెరిగే అక్షరాలు ఒకటి రెండే.