కర్సర్ వదిలివెళ్లిన చోటు

చేతిరాత ప్రతుల్లో ఒక అక్షరమో మాటో జారిపోయినప్పుడు, అది చేరవలసిన తావులో చిన్న హంసపాదు గీసి, జారిన మాటను పైనో అంచునో రాయడం లేఖకుల పద్ధతి. పని మొదలుపెట్టగానే తప్పు దొర్లితే ‘ఆదిలోనే హంసపాదు’ అనడం ఆ అలవాటులోంచి పుట్టినదే. కొత్త రాత ఎక్కడ చేరాలో చూపడం హంసపాదు పని కాగా, కంప్యూటర్ తెరపై మినుకుమినుకుమనే కర్సర్ చేసేదీ అదే. అయితే కాగితంపై ఎన్ని హంసపాదులైనా ఒకేసారి నిలిచి ఉంటాయి. తెరపై కర్సర్ మామూలుగా ఒక్కటే ఉంటుంది, కదిలితే వెనక జాడ మిగల్చదు. ఐదువందలవ పంక్తిలో రాస్తున్న వ్యక్తి, ఇరవయ్యవ పంక్తిలో ఒక పేరు ఎలా రాశాడో చూసుకోవడానికి పైకి వెళ్తే, తిరిగి రావలసిన చోటును తానైనా గుర్తుంచుకోవాలి, తాను వాడుతున్న టెక్స్ట్ ఎడిటర్ అయినా గుర్తుంచుకోవాలి. పాఠాన్ని రాయడానికీ దిద్దడానికీ వాడే సాఫ్ట్‌వేర్‌ను టెక్స్ట్ ఎడిటర్ అంటారు; కర్సర్ ఉన్న చోటును దాచుకుని, అడిగినప్పుడు తిరిగి అక్కడికి చేర్చే ఏర్పాటును స్థానగుర్తు అనవచ్చు.

ఇలాంటి గుర్తులున్న వీఐ అనే ఎడిటర్, 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసిన ఈడీ అనే ఎడిటర్‌కు వారసురాలు. తెర బదులు కాగితంపై అచ్చుకొట్టే టెలిటైప్ యంత్రాల కోసం పుట్టింది కనుక ఈడీ పాఠాన్ని పంక్తుల వరుసగానే చూసేది. అందులో ఒక పంక్తికి ‘కె’ ఆదేశంతో చిన్నబడి ఆంగ్ల అక్షరం ఒకటి తగిలిస్తే, ఆ తర్వాత పంక్తిసంఖ్య బదులు ఆ అక్షరంతోనే దాన్ని పిలవవచ్చు. 1976లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ రాసిన వీఐ పాఠాన్ని తెర నిండా చూపింది కాబట్టి, పంక్తిని మాత్రమే గుర్తుంచుకోవడం చాలలేదు. అందులో ‘ఎమ్’ మీట, వెంటనే ‘బి’ మీట నొక్కితే కర్సర్ ఉన్న చోటు ‘బి’ అనే పేరుతో నమోదవుతుంది. ఆపైన ఒంటి కొటేషన్ గుర్తుతో ‘బి’ని పిలిస్తే ఆ పంక్తి మొదటికి, బ్యాక్‌టిక్ అనే వాలు గుర్తుతో పిలిస్తే సరిగ్గా ఆ అక్షరం దగ్గరికి కర్సర్ చేరుతుంది. వెళ్లిరావడానికే కాక, గుర్తు పెట్టిన చోటి నుంచి ఇప్పుడున్న చోటి దాకా చెరిపివేయమనో, నకలు తీయమనో ఆదేశించడానికి కూడా ఆ అక్షరం పనికొస్తుంది.

పుస్తకంలో దాచిన నెమలీక ఏళ్ల తరబడి అదే పుటలో ఉండడానికి కారణం పుటలు మారకపోవడమే. ఎడిటర్‌లో పాఠం నిమిషనిమిషానికి మారుతుంది. ఐదువందలవ పంక్తి అని ఒక సంఖ్యను మాత్రమే దాచుకుంటే, పైన మూడు పంక్తులు కొత్తగా చేరగానే ఆ సంఖ్య మరో వాక్యాన్ని చూపడం మొదలుపెడుతుంది. దాచుకున్నది సంఖ్యే అయినా, దాచుకోవాలనుకున్నది ఆ వాక్యం పక్కన ఉన్న చోటు. అందువల్ల ప్రతి చేర్పుకూ ప్రతి తుడుపుకూ ఎడిటర్ తన దగ్గర ఉన్న గుర్తులన్నింటినీ సవరించుకుంటూ పోవలసి ఉంటుంది. ఈ సవరణ ఎంత లోతుగా జరగాలన్న విషయంలో ఎడిటర్లు ఒక్క దారిలో లేవు. నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మోలెనార్ వీఐ సంప్రదాయాన్ని కొనసాగిస్తూ 1991లో విడుదల చేసిన విమ్, గుర్తులను ప్రధానంగా పంక్తుల లెక్కన జరుపుతుంది. పైన పంక్తులు చేరితే గుర్తు కిందికి దిగుతుంది గానీ, అదే పంక్తిలో గుర్తుకు ముందు నాలుగు మాటలు చేరిస్తే గుర్తు ఆ మాటల వెంట జరగదు. రిచర్డ్ స్టాల్‌మన్ రాయగా 1985లో వెలువడిన గ్నూ ఈమాక్స్‌లో మార్కర్ అనే వస్తువు ఒక్కొక్క అక్షరం చేరినా తన స్థానాన్ని సరిచూసుకుంటుంది.

గుర్తున్న పాఠమే పోతే ఏం చేయాలన్నది మరింత చిక్కైన ప్రశ్న. గుర్తున్న పంక్తిని తుడిచేస్తే విమ్‌లో ఆ గుర్తూ పోతుంది, చేసిన పనిని వెనక్కి తీసుకుంటే పంక్తితోపాటు చిన్నబడి అక్షరాల గుర్తు కూడా తిరిగివస్తుంది. ఈమాక్స్‌లో మాత్రం మార్కర్ పోదు, ఇల్లు కూలినా స్థలం వదలని యజమానిలా పాఠం తొలగిన చోటనే నిలబడుతుంది. సరిగ్గా గుర్తు ఉన్న బిందువులోనే కొత్త అక్షరం చేరితే గుర్తు దానికి ముందుండాలా, వెనక ఉండాలా అన్నది పైకి కుశంకలా కనిపించినా, దానికి ఒకే జవాబు లేదు. వాక్యం మొదలు చూపే గుర్తు కొత్త అక్షరానికి ముందే ఉండిపోవాలి, వాక్యం చివర చూపే గుర్తు దాని తర్వాతికి జరగాలి. అందుకే ఏ మార్కర్ ఎటు ఉండాలో విడివిడిగా నిర్ణయించుకునే వీలు ఈమాక్స్ కల్పించింది.

గుర్తులకు పేర్లు పెట్టుకునే బాధ్యతను మనిషికి వదిలేయడం వీఐ, విమ్‌ల పద్ధతిలోని బలహీనత. ఇరవైయారు అక్షరాలు ఉన్నా, ఏ అక్షరాన్ని దేనికోసం పెట్టారో గంట తర్వాత గుర్తుండదు. పైగా ఒక చోటు ముఖ్యమైనదని తెలిసేది చాలాసార్లు దాన్ని వదిలి వచ్చిన తర్వాతే. కాబట్టి నిత్యజీవితంలో ఎక్కువ పనికొచ్చేవి మనిషి పెట్టే గుర్తులకన్నా ఎడిటర్ తనంతట తాను పెట్టుకునే గుర్తులేనని చెప్పడం అతిశయోక్తి కాదు. విమ్ చివరి మార్పు జరిగిన చోటును, ఫైలును చివరిసారి మూసినప్పుడు కర్సర్ ఉన్న చోటును ఎవరూ చెప్పకుండానే దాచుకుంటుంది. కర్సర్ చేసిన దూరపు గెంతులను వరుసగా నూరు దాకా జాబితాలో ఉంచి, కంట్రోల్ మీటతో ‘ఓ’ నొక్కిన ప్రతిసారీ ఒక్కో గెంతు వెనక్కి తీసుకుపోతుంది. ఈమాక్స్ ఒక్కో పాఠానికి పదహారు పాత గుర్తులను వలయంగా పేర్చుకుని, అడిగినప్పుడల్లా ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూపుతుంది. ప్రోగ్రామింగ్‌తో సంబంధం లేని వారికి కూడా ఈ సౌకర్యం అందుబాటులోనే ఉంది: మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో షిఫ్ట్, ఎఫ్5 మీటలు కలిపి నొక్కితే కర్సర్ చివరిగా దిద్దిన చోట్లకు వెనుదిరుగుతుంది. రోజూ వర్డ్‌లోనే ఉత్తరాలు కొట్టే కార్యాలయాల్లో సైతం ఈ మీట సంగతి తెలిసినవారు తక్కువగానే కనిపిస్తారు.

పెరిగిపోయిన గుర్తులను ఏరివేయడమూ నిర్వహణలో భాగమే. విమ్‌లో ‘మార్క్స్’ ఆదేశం ఉన్న గుర్తులన్నింటినీ పంక్తి సంఖ్యలతో చూపుతుంది, ‘డెల్‌మార్క్స్’ ఆదేశం అక్కరలేని వాటిని తీసివేస్తుంది. చిన్నబడి అక్షరాల గుర్తులు ఒక్కో ఫైలుకు వేరుగా ఉండగా, పెద్దబడి అక్షరాల గుర్తులు ఫైలు పేరును కూడా మోసుకుని ఉంటాయి కనుక వాటితో ఒక ఫైలు నుంచి మరో ఫైలుకు నేరుగా వెళ్లవచ్చు; ఇవి విమ్‌ఇన్ఫో అనే ఫైలులో భద్రమై, కంప్యూటర్ ఆపి మర్నాడు తెరిచినా దొరుకుతాయి. ఏ ఫైళ్లను తెరిచారో కూడా ఆ ఫైలు బయటపెడుతుందన్న సంగతి, ఒకే కంప్యూటర్‌ను పలువురు పంచుకునే చోట గమనించవలసినది.

ఇలా భద్రపరిచిన గుర్తుకు మరో ప్రమాదం ఉంది: ఎడిటర్ మూసి ఉన్న వేళ మరొక ప్రోగ్రామ్ ఆ ఫైలును మార్చితే, సవరణ చేసేవారు ఎవరూ ఉండరు. ఈమాక్స్ తన బుక్‌మార్క్‌లో స్థానసంఖ్యతోపాటు ఆ చోటుకు ముందూ వెనకా ఉన్న కొంత పాఠాన్ని కూడా దాచుకుని, తిరిగి వెళ్లేటప్పుడు ఆ పాఠాన్ని వెతికి స్థానాన్ని సరిచేసుకుంటుంది. ఇంటి నంబర్లు మారిన వీధిలో గుడి పక్కన, బావి ఎదుట అని ఆనవాలు చెప్పడం వంటిదే ఇది.

పలువురు ఒకే పత్రాన్ని ఏకకాలంలో దిద్దే చోట ఈ చిక్కు ఇంకా ముదురుతుంది, ఎందుకంటే ఒకరు చేర్చిన మాట మరొకరి కర్సర్‌ను జరపాలి, ఆ వార్త నెట్‌వర్క్ మీద ఆలస్యంగా అందినా ఫలితం అందరికీ ఒకటిగానే ఉండాలి. 1989లో క్లారెన్స్ ఎలిస్, సైమన్ గిబ్స్ ప్రతిపాదించిన పద్ధతి, ఒకరి మార్పు మరొకరిని చేరేలోపు జరిగిన ఇతర మార్పులకు తగినట్టు దాని స్థానసంఖ్యను లెక్కగట్టి మారుస్తుంది. గూగుల్ డాక్స్ ఆధారపడింది ఆ కోవకు చెందిన పద్ధతి మీదనే.

ఇంతవరకూ స్థానసంఖ్య అన్న మాట తేలికగా వాడబడింది గానీ, దేన్ని లెక్కించి ఆ సంఖ్యను పొందాలన్నది తెలుగు రాసేవారికి ప్రత్యేకంగా తగిలే ప్రశ్న. ‘స్త్రీ’ అన్నది చదువరికీ ఛందస్సుకూ ఒకే అక్షరం, ఒకే గురువు. లిపుల అక్షరాలకు సంకేతాలను కేటాయించే యూనికోడ్ ప్రమాణం దృష్టిలో అది సకారం, పొల్లు, తకారం, మళ్లీ పొల్లు, రకారం, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాల వరుస. ఆ సంకేతాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 రూపంలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి ఫైలులో దాని పొడవు పద్దెనిమిది బైట్లు. విమ్ పంక్తిలోని చోటును బైట్లలో లెక్కిస్తే, ఎడిటర్లకూ భాషా విశ్లేషణ ప్రోగ్రాములకూ మధ్య వారధిగా మైక్రోసాఫ్ట్ 2016లో ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ యూటీఎఫ్-16 ప్రమాణంలో లెక్కించడాన్ని ఆనవాయితీ చేసింది. తెలుగులో వ్యాఖ్య రాసిన పంక్తిలో ఒక ప్రోగ్రామ్ ఏడో స్థానమని చెప్పినదాన్ని మరొకటి ఏడో బైటుగా తీసుకుంటే, కర్సర్ అక్షరం మధ్యలో ఎక్కడో పడుతుంది.

కర్సర్‌కు తగిన మెట్టు మనిషి చూసే అక్షరమే కావాలన్న ఆలోచనతో యూనికోడ్ అక్షరగుచ్ఛాల నియమాలను ఏర్పరిచింది. అయితే ఆ నియమాలు చాలాకాలం పొల్లు దగ్గర ఆగి ‘స్త్రీ’ని మూడు ముక్కలుగా లెక్కించాయి. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడగొట్టకూడదన్న సవరణ 2023లో వెలువడిన 15.1 సంచికలో చేరింది. పాత నియమాలతో నడిచే ఎడిటర్, కొత్త నియమాలతో నడిచే ఎడిటర్ పక్కపక్కన ఉన్న కంప్యూటర్‌లో కుడి బాణం మీటను నొక్కితే, కొత్తదానిలో కర్సర్ ‘స్త్రీ’ని ఒక్క అడుగులో దాటుతుంది, పాతదానిలో మూడు అడుగులు వేస్తుంది.