నిఘా చెల్లదన్న న్యాయమూర్తి

చంద్రగిరి చుట్టుపక్కల పిల్లలు తరతరాలుగా చదువుకుంటున్న శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో మొదలైంది. ఆ ఏడాది దానికి ఛాన్సలర్‌గా ఉన్న కోకా సుబ్బారావు గారి పేరు ఈ ప్రాంతంలో ఎందరికి గుర్తుందో! వ్యక్తి స్వేచ్ఛ కోసం ఆయనంతగా పట్టుబట్టిన జడ్జీలు మన దేశంలో అరుదు.

రాజమండ్రిలో 1902లో పుట్టి, మద్రాసులో ప్లీడరీ చేసి, 1948లో అక్కడి హైకోర్టు జడ్జి అయ్యారు. గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లారు.

అక్కడికి ఖరక్ సింగ్ కేసు వచ్చింది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఈయన్ని దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు హిస్టరీ షీట్ తెరిచారు. రాత్రిళ్లు వచ్చి తలుపు తట్టడం, నిద్రలేపడం, ఊరు దాటాలంటే చౌకీదారుకు చెప్పి వెళ్లమనడం. 1962లో ఆరుగురు జడ్జీల్లో నలుగురు రాత్రిపూట ఇంటికి రావడాన్ని మాత్రం కొట్టేసి, మిగతా నిఘాను ఉండనిచ్చారు. సుబ్బారావు, జె.సి. షా ఒప్పుకోలేదు. ఎవరో కనిపెట్టి చూస్తున్నారన్న భయమే మనిషిని కట్టిపడేస్తుందని, ఏకాంతం కూడా స్వేచ్ఛలో భాగమేనని సుబ్బారావు రాశారు.

ఆయన్ని ఎక్కువమంది గుర్తుంచుకున్నది మాత్రం గోలక్‌నాథ్ కేసుతో. ప్రాథమిక హక్కులను పార్లమెంటు సైతం కుదించజాలదని 1967 ఫిబ్రవరిలో ఆయనతో కలిపి ఆరుగురు జడ్జీలు తేల్చారు, అయిదుగురు కాదన్నారు. అది పంజాబులోని ఓ భూస్వామి కుటుంబం వేసిన కేసు కాబట్టి, తీర్పు భూసంస్కరణలకు అడ్డమన్న విమర్శ వచ్చింది. సెంటు భూమి లేని కూలీ వైపు నుంచి చూస్తే ఆ విమర్శను తేలిగ్గా తీసెయ్యలేం. కానీ పాస్‌పోర్టు ఇవ్వడం సర్కారు ఇష్టాయిష్టాల మీద ఆధారపడకూడదని అదే ఏడాది ఏప్రిల్‌లో చెప్పిందీ ఆయనే. భూమి ఒక్కటే ఆయన పట్టింపు కాదు.

ఆ పాస్‌పోర్టు తీర్పు చెప్పిన మర్నాడే రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. బలపరిచిన వాటిలో స్వతంత్ర పార్టీ ఒకటి. జాకిర్ హుస్సేన్‌కు 4,71,244 ఓట్ల విలువ, సుబ్బారావుకు 3,63,971. ఓడినా కలం దించలేదు. 1973లో అదే ప్రశ్నపై కేశవానంద భారతి తీర్పు వచ్చాక, దాన్నీ గోలక్‌నాథ్ తీర్పునూ పక్కపక్కన పెట్టి వ్యాసం రాశారు. 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో కన్నుమూశారు.

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించి, ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావు మాటే సరైనదన్నారు. తిరుపతిలో లా చదివే పిల్లలు గోలక్‌నాథ్‌తో ఆగిపోకుండా, ఆ భిన్నాభిప్రాయాన్నీ తీరిగ్గా చదవాలి.