అడవిలో పొయ్యి: ఆరిందనుకున్న నిప్పుతో జాగ్రత్త

భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం ప్రాంతాల్లో ఎండాకాలం వచ్చిందంటే చాలా కుటుంబాలు బయటే వండుకుంటాయి. మిరప కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలు చేల పక్కనే గుడిసెలు వేసుకుంటారు. మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపూలకు, ఆ తరువాత తునికాకుకు అడవికి పోతారు. ఆ రోజుల్లో నేలంతా ఎండుటాకులే. అందుకే అన్నం వండుకునే చిన్న పొయ్యి కూడా పెద్ద ప్రమాదం తేవచ్చు.

పొయ్యి పెట్టే ముందు

1. రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. అడవి బయటే వండుకోండి. ఇప్పచెట్టు కింద ఆకులు తగలబెట్టకండి. ఊడ్చి, పాత చీర పరిస్తే పూలు శుభ్రంగా దొరుకుతాయి.
2. గుడిసెకు, గడ్డివాముకు దూరంగా, చుట్టూ ఆరడుగుల మేర ఆకులు, గడ్డి ఊడ్చి, జానెడు గుంట తీసి పొయ్యి పెట్టండి.
3. వాగులో తడిసిన రాళ్లు వాడవద్దు. లోపలి నీరు ఆవిరై రాయి పగలవచ్చు.
4. బిందెడు నీళ్లు పక్కనే ఉంచుకోండి. గాలి జోరుగా ఉంటే మంట వేయకండి.

మండుతున్నప్పుడు

చీర కొంగు దోపుకోండి. మంటలో కిరోసిన్, పెట్రోలు పోయవద్దు. చలికి నిప్పులు గుడిసెలోకి తెచ్చి తలుపు మూసుకోకండి. వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఆర్పేటప్పుడు

మట్టి కప్పితే చాలదు. బూడిద కింద నిప్పు గంటల తరబడి ఉంటుంది. తెల్లవారి చెప్పులు లేని పిల్లలు అందులో కాలు పెడతారు. నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోయండి. చేయి దగ్గర పెట్టి చూస్తే వేడి తగలకూడదు. అప్పుడే అక్కడి నుంచి కదలండి.

కాలితే ఏం చేయాలి?

బట్టలు అంటుకుంటే పరుగెత్తకండి, నేలమీద పడి దొర్లండి. మంట ఆరగానే గాజులు, ఉంగరాలు తీసి, కాలిన చోట 20 నిమిషాలు చల్లని నీళ్లు పోయండి. ఐసు వద్దు. పసుపు, టూత్‌పేస్టు, సిరా, ఆకు పసరు పూయవద్దు. బొబ్బలు చిదమవద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పండి.

ముఖం, చేతులు, కీళ్లు కాలినా, కాలిన మేర అరచేయి కంటే పెద్దదైనా, పొగ పీల్చినా, కాలింది పసిపిల్లలకైనా, ముసలివారికైనా ఆలస్యం చేయక 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకురండి.