నాలుగు కర్రలు పాతితే కొండ నాదే

1872లో అమెరికా అధ్యక్షుడు యులిసీస్ గ్రాంట్ రెండు సంతకాలు చేశాడు. మార్చి 1న పెట్టిన సంతకంతో యెల్లోస్టోన్ జాతీయ పార్కు అయింది. మే 10న పెట్టిన సంతకం సంగతి మాత్రం పార్కు చూడ్డానికి వెళ్లేవాళ్లలో చాలామందికి తెలియదు. ప్రభుత్వ భూమిలో బంగారమో, వెండో, రాగో కనిపెట్టినవాడు నాలుగు మూలలా కర్రలు పాతి, కాగితం దాఖలు చేస్తే తవ్వుకునే హక్కు అతనిదేనని చెప్పే చట్టం అది. నూటయాభై ఏళ్లు దాటినా ఇంకా బతికే ఉంది.

ఆ హక్కుని అక్కడ ‘క్లెయిమ్’ అంటారు. ఒక్కోటి సుమారు 20 ఎకరాలు. తీసిన ఖనిజం మీద ఫెడరల్ ప్రభుత్వానికి రాయల్టీ కట్టక్కర్లేదు, ఏటా కొంత ఫీజు కడితే సరి. బొగ్గుకీ చమురుకీ 1920లోనే లీజు, రాయల్టీ పద్ధతి వచ్చింది. బంగారం, రాగి, యురేనియం ఇప్పటికీ గ్రాంట్ గారి లెక్కలోనే ఉన్నాయి. మన ఊళ్లో ఏట్లో ఇసుక తీయాలన్నా అనుమతి కావాలి (కనీసం కాగితాల మీదైనా).

పశ్చిమ రాష్ట్రాల్లో జనం గుడారాలు వేసుకునే, కొండలెక్కే, చేపలు పట్టే ప్రభుత్వ భూములు చాలావరకు ఈ చట్టానికి తెరిచే ఉంటాయి. మూయాలంటేనే ప్రత్యేకంగా ఉత్తర్వు కావాలి.

ఈ చట్టాన్ని ఎలా వాడుకోవచ్చో రాల్ఫ్ కామెరాన్ అనేవాడు చూపించాడు. గ్రాండ్ కాన్యన్ అంచు నుంచి లోయ అడుగుకి దిగే బ్రైట్ ఏంజెల్ బాట పొడవునా కీలకమైన చోట్ల క్లెయిములు వేశాడు. అక్కడ గిట్టుబాటయ్యే ఖనిజం లేదు. దిగే జనం ఉన్నారు, వాళ్లకి జేబులున్నాయి. జంతువుల మీద దిగేవాళ్ల దగ్గర తలకి డాలరు చొప్పున టోలు వసూలు చేశాడు. గని తవ్వకుండానే గల్లాపెట్టె నిండింది. 1908లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కాన్యన్‌ని జాతీయ మాన్యుమెంట్‌గా, అంటే కొత్త క్లెయిములకి మూసేసిన రక్షిత ప్రాంతంగా ప్రకటించినా మనిషి కదల్లేదు. చివరికి 1920లో సుప్రీంకోర్టు అతని క్లెయిమ్ చెల్లదని తేల్చింది. అదే ఏడాది అరిజోనా ఓటర్లు ఆయన్ని సెనేట్‌కి గెలిపించి పంపారు! ఆశ్చర్యపోయే అర్హత మనకి లేదనుకుంటా.

ఇప్పటి సంగతికొద్దాం. యూటాలోని బేర్స్ ఇయర్స్ అంటే ఎలుగు చెవుల్లా నిక్కబొడుచుకున్న జంట కొండలు. 2016 డిసెంబరులో ఒబామా ఆ చుట్టుపక్కల 13.5 లక్షల ఎకరాలను మాన్యుమెంట్‌గా ప్రకటిస్తే, ఏడాది తిరక్కుండానే ట్రంప్ అందులో 85 శాతం కోసేశాడు. కోసిన ముక్క 2018 ఫిబ్రవరి 2న క్లెయిములకి తెరుచుకుంది. కర్రలు పట్టుకుని జనం ఎగబడతారనుకున్నారు. ఎగబడలేదు. అక్కడ దొరికే యురేనియం ధర అప్పుడు నేలచూపులు చూస్తోంది మరి. 2021లో బైడెన్ పాత హద్దుల్ని తిరిగి తెచ్చాడు.

ఏమీ కాలేదు కదా, ఇంత గోల దేనికి అని అడిగినవాళ్లున్నారు. తలుపు తెరిచి ఉన్నప్పుడు చట్టప్రకారం పాతిన కర్ర, తలుపు మూశాక కూడా లోపలే ఉంటుంది. గోల దానికి.

గ్రాండ్ కాన్యన్ చుట్టూ సుమారు పది లక్షల ఎకరాల్లో 2012లో కొత్త క్లెయిములు ఇరవై ఏళ్లపాటు ఆపారు. 2023 ఆగస్టులో మాన్యుమెంట్‌గానూ ప్రకటించారు. ఆ హద్దుల్లోపలే ఉన్న పిన్యన్ ప్లెయిన్ గనికి పాత హక్కు ఉంది కనుక, కొద్ది నెలలకే యురేనియం తవ్వడం మొదలుపెట్టింది. కాన్యన్ లోపల బతికే హవసుపాయి తెగ పేరుకి నీలాకుపచ్చ నీళ్ల మనుషులని అర్థం. ఊటలు పాడవుతాయని వాళ్లు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు. ప్రమాదం లేదంటుంది కంపెనీ. మన దగ్గర నల్లమలలో యురేనియం వెతుకులాట మాట లేచినప్పుడు చెంచులు, చుట్టుపక్కల ఊళ్లు ఎదురు తిరిగాయి, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. అమెరికాలో అలాంటి తీర్మానం అయ్యేసరికి కర్ర ముందే పాతేసి ఉండొచ్చు.

కాన్యన్ దక్షిణపు అంచున నడిచేవాళ్లకి ఒకచోట దారి కంచె పక్కనుంచి చుట్టుతిరిగి పోతుంది. 1893లో ఎవరో రాగి కోసం వేసిన క్లెయిమ్ అది, పేరు ఆర్ఫన్ మైన్. కాన్యన్ 1919లో జాతీయ పార్కు అయింది. ఆ గనిలో 1956 నుంచి 1969 దాకా యురేనియం తీశారు.