క్రిస్మస్ ఫొటోలో ఎవరి కోటు?

యుద్ధకాలపు జర్మన్ కుటుంబాల ఆల్బమ్‌లలో పిల్లలు ముచ్చటగా ముస్తాబై కనిపిస్తారు. ఆ బట్టల వెనుక కథ అంత ముచ్చటైనది కాదు

ఫొటోలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. గది మూలన కొవ్వొత్తులు గుచ్చిన క్రిస్మస్ చెట్టు. దాని ముందు ఎత్తుల వారీగా నిలబెట్టిన పిల్లలు. అబ్బాయికి నావికుల తరహా వెడల్పు కాలరు చొక్కా, పొట్టి నిక్కరు, తొడల దాకా ఉన్ని మేజోళ్లు. అమ్మాయికి తెల్ల కాలరు గౌను, జడలకు రిబ్బన్లు. వెనుక కుర్చీలో తల్లి. తండ్రి సెలవు మీద వచ్చి ఉంటే సైనిక యూనిఫాంలో ఉంటాడు. లేకపోతే బల్ల మీద ఫ్రేములో ఉంటాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జర్మనీలో దిగిన ఇలాంటి పండగ ఫొటోలు అటకల మీది పెట్టెల్లోంచి, పాత వస్తువుల సంతల్లోంచి ఇప్పటికీ బయటపడుతూనే ఉన్నాయి.

చూడగానే ఒక ప్రశ్న వస్తుంది. గుడ్డకు కూడా కరువొచ్చిన రోజుల్లో పిల్లలు ఇంత శుభ్రంగా, ఇంత వెచ్చగా ఎలా ఉన్నారు? సమాధానం కోసం వెతికితే సూదీ దారం దగ్గర మొదలై ఆష్విట్జ్ గోదాముల దాకా వెళ్లాల్సి వస్తుంది.

పాయింట్ల లెక్క
ఫొటో దిగడం అప్పటికే సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది. 1932లో ఆగ్ఫా కంపెనీ ఓ చిత్రమైన పథకం పెట్టింది. టంకశాల గుర్తులు వరుసగా ఎ, జి, ఎఫ్, ఎ ఉన్న నాలుగు ఒక మార్కు నాణేలు తెస్తే బాక్స్ కెమెరా ఇస్తామంది. జనం ఎగబడ్డారు. యుద్ధం వచ్చేనాటికి పండగ పూట ఇంట్లోనే ఫొటో తీసుకోవడం చాలా కుటుంబాలకు అలవాటైపోయింది.

బట్టల సంగతే కష్టమైంది. పత్తి, ఉన్ని కోసం జర్మనీ విదేశాల మీద ఆధారపడేది. యుద్ధం మొదలైన రెండు నెలలకే, 1939 నవంబర్‌లో, ప్రభుత్వం బట్టల కార్డు ప్రవేశపెట్టింది. ఏడాదికి 100 పాయింట్లు. ఒక జత మేజోళ్లకు 4, పుల్లోవర్‌కు 25, ఆడవాళ్ల సూటుకు 45 పాయింట్లు కోసేవారు. పిల్లలకు వేరే కార్డులుండేవి. బూట్లు కొనాలంటే ప్రత్యేక పర్మిట్ కావాలి. చేతిలో కార్డున్నా దుకాణంలో సరుకు ఉంటుందన్న భరోసా లేదు. దొరికిన దాంట్లోనూ కలప గుజ్జుతో చేసిన కృత్రిమ నూలే ఎక్కువ.

పిల్లలు మాత్రం కార్డు లెక్కకు లోబడి పెరగరు కదా! అందుకే భారమంతా తల్లుల మీద పడింది. పాతవాటిని కొత్తగా మార్చండంటూ నాజీ మహిళా సంస్థ కుట్టు తరగతులు నడిపింది. రెండు పాత గౌన్లు కలిపి ఒక కొత్త గౌను కుట్టడం ఎలాగో పత్రికలు బొమ్మలతో నేర్పాయి. తండ్రి కోటు కొడుకు జాకెట్టయింది. పాత స్వెట్టరు విప్పితే వచ్చిన ఉన్ని మేజోళ్లయింది. అన్నకు పొట్టయిన బట్ట తమ్ముడికి దిగింది.

నెలల తరబడి సాగిన ఈ కష్టానికి ఫలితం క్రిస్మస్ నాటి ఫొటోలో కనిపించేది. దాన్ని సైనిక తపాలాలో యుద్ధరంగానికి పంపేవారు. ఇంటి దగ్గర అంతా బాగానే ఉందని సైనికుడికి ధైర్యం చెప్పాలి. అందుకే మాసికలు కెమెరా వైపు రాకుండా జాగ్రత్తపడేవారు.

సర్కారీ కుటుంబ చిత్రం
ఆ ధైర్యం విలువ ప్రచార మంత్రి జోసెఫ్ గోబెల్స్‌కు బాగా తెలుసు. ఆయన కుటుంబం 1942 ప్రాంతంలో దిగిన ఫొటో నేటికీ ప్రసిద్ధం. నీటుగా ముస్తాబైన ఆరుగురు పిల్లలు, భార్య మాగ్డా, ఆమె మొదటి పెళ్లి ద్వారా కలిగిన కొడుకు హరాల్డ్. అతను వైమానిక దళం యూనిఫాంలో ఉన్నాడు. నిజానికి ఫొటో తీసినప్పుడు హరాల్డ్ అక్కడ లేడు. సైన్యంలో ఉన్న అతని బొమ్మను తర్వాత జోడించారు. దేశానికి ఆదర్శంగా చూపిన కుటుంబ చిత్రమే అతుకుల బొమ్మ. 1945 మే 1న బెర్లిన్ బంకర్లో ఆ ఆరుగురు పిల్లలకూ తల్లిదండ్రులే విషం ఇప్పించారు.

1941 క్రిస్మస్‌కు ముచ్చట కాస్త బీటలు వారింది. మాస్కో ముంగిట సైన్యం శీతకాలపు దుస్తుల్లేక గడ్డకట్టుకుపోతోంది. ఉన్ని బట్టలు, బొచ్చు కోట్లు సైనికులకు ఇవ్వాలని డిసెంబర్ 20న గోబెల్స్ రేడియోలో పిలుపునిచ్చాడు. పండగ పూట కుటుంబాలు బీరువాలు ఖాళీ చేశాయి.

ఆగిపోయిన ఆల్బమ్‌లు
అదే వీధుల్లో ఉన్న యూదు కుటుంబాల కథ వేరు. 1940 ఆరంభంలోనే వాళ్లకు బట్టల కార్డులు నిలిపేశారు. 1941 సెప్టెంబర్ నుంచి ఆరేళ్లు నిండిన ప్రతి యూదు బిడ్డ గుండె మీద పసుపు నక్షత్రం కుట్టుకోవాల్సి వచ్చింది. అదే నవంబర్‌లో వాళ్ల కెమెరాలను అప్పగించమన్నారు. 1942 జనవరిలో ఉన్ని బట్టలు, బొచ్చు కోట్లు లాగేసుకున్నారు. ఆ కుటుంబాల ఆల్బమ్‌లలో పండగ ఫొటోలు హఠాత్తుగా ఎందుకు ఆగిపోయాయో చెప్పడానికి ఈ తేదీలు చాలు.

వాళ్ల బట్టలు మాత్రం ఆగలేదు, ప్రయాణం చేశాయి. మరణ శిబిరాల్లో విప్పించిన దుస్తుల మీది నక్షత్రాలను పీకేయాలని, అవి ఎక్కడివో తెలియనివ్వరాదని 1942 సెప్టెంబర్ 26న ఎస్ఎస్ అధికారి ఆగస్ట్ ఫ్రాంక్ లిఖితపూర్వకంగా ఆదేశించాడు. ఆ బట్టలు తూర్పు ప్రాంతాల్లో స్థిరపడిన జర్మన్ జాతీయులకు చేరాలి. పిల్లల దుస్తులకు వెల కట్టి మరీ అప్పగించమన్నాడు.

1943 ఫిబ్రవరి 6న ఎస్ఎస్ ఆర్థిక విభాగాధిపతి ఓస్వాల్డ్ పోల్ తన పై అధికారి హిమ్లర్‌కు ఒక నివేదిక పంపాడు. ఆష్విట్జ్, లుబ్లిన్ శిబిరాల నుంచి తరలించిన బట్టలు మొత్తం 825 రైలు వ్యాగన్లు. అందులో పిల్లల పద్దు విడిగా ఉంది. ఓవర్‌కోట్లు 15 వేలు. అమ్మాయిల గౌన్లు 9 వేలు. బూట్లు 22 వేల జతలు. ఏ దుకాణం స్టాకు రిజిస్టరో అనిపించేలా ఉంటుంది ఆ జాబితా.

దోపిడీ సొమ్ము జర్మనీ లోపలికీ వచ్చింది. దేశం విడిచి వెళ్లిన, తరలించిన యూదుల ఇంటి సామాన్లను హాంబర్గ్‌లో 1941 నుంచి యుద్ధం చివరిదాకా బహిరంగంగా వేలం వేశారు. ఆ ప్రాంతంలో కనీసం లక్ష మంది కొని ఉంటారని చరిత్రకారుడు ఫ్రాంక్ బాయోర్ అంచనా వేశారు. సామాన్య జర్మన్లు యుద్ధకాలంలో తట్టుకోగలగడంలో ఈ దోపిడీ పాత్ర పెద్దదని గోట్స్ అలీ 2005లో వెలువరించిన పుస్తకంలో వాదించారు. ఆ వాదన మీద చరిత్రకారుల్లో చర్చ జరిగింది. దోపిడీ జరిగిందన్న విషయంలో మాత్రం వివాదం లేదు.

మనవల ముందు
అలాగని ప్రతి ఫొటోలోని ప్రతి కోటునూ అనుమానించలేం. చాలావరకు తల్లులు రాత్రుళ్లు కూర్చుని కుట్టినవే. వాటిని తొడుక్కున్న పిల్లలకు ఏ పాపమూ తెలియదు. చిక్కంతా ఏమిటంటే, ఫొటో చూసి ఏది ఏదో చెప్పలేం. తల్లి కుట్టిన గౌనూ, వేలంలో కొన్న గౌనూ నలుపు తెలుపుల్లో ఒకేలా కనిపిస్తాయి.

తర్వాతి తరాలకు ఇదే ఇబ్బంది. సామాజిక మనస్తత్వవేత్త హరాల్డ్ వెల్జర్ బృందం జర్మన్ కుటుంబాల్లో మూడు తరాల వారితో మాట్లాడి 2002లో ఒక పుస్తకం తెచ్చింది. నాజీల నేరాల గురించి బడిలో చక్కగా చదువుకున్న మనవలు కూడా తమ తాతయ్య, నానమ్మల దగ్గరికొచ్చేసరికి వాళ్లు మంచివాళ్లేనన్న కథలు అల్లుకున్నారని అందులో తేలింది. పండగ ఫొటో ఆ పనిని మరింత సులువు చేస్తుంది. అందులో అందరూ నవ్వుతూనే ఉంటారు మరి.

పెట్టెలోంచి అలాంటి ఫొటో తీసి వెనక్కి తిప్పితే పెన్సిలుతో రాసిన పేర్లు, ఏడాది కనిపించవచ్చు. కోటు ఎక్కడిదో ఎవరూ రాసిపెట్టలేదు.